పెట్రోలు కారు, డీజిలు మేస్త్రి

ఆ ఎర్ర కారు మా షెడ్డు ముందు ఆగినప్పుడు మా ఆయన దాని చుట్టూ ఒకసారి తిరిగి, వంగి కిందికి చూసి, "ఇదేటి, పడుకునుందేటి?" అని గట్టిగా అడిగాడు. ఆయన ఏది అడిగినా గట్టిగానే అడుగుతాడు. తన గొంతు తనకు వినపడదు.

కారు నిజంగానే పడుకున్నట్టే ఉంది. రెండే తలుపులు, పొడుగు మూతి, నేలకు జానెడు ఎత్తు. ఎప్పుడో జపాన్ నుంచి ఓడలో దిగిన పాత స్పోర్ట్స్ కారట. చేతులు మారి మారి సోంపేట వైపు కొబ్బరికాయల వ్యాపారం చేసే ఒకాయన దగ్గరికి వచ్చింది. ఆయనా వయసు మళ్లినవాడే. కుర్రతనంలో ఒక కేలండర్లో ఇలాంటి కారు బొమ్మ చూసి మనసు పడ్డాడట.

"పికప్ లేదు మేస్త్రీ," అన్నాడు ఆ వ్యాపారి. "హైవే మీద పిల్లకార్లు కూడా దాటుకుని ఎల్లిపోతన్నాయి. పరువు పోతంది. పవరు పెంచాల."

మా ఆయనకు ఇందులో ఒక్క ముక్క కూడా వినపడలేదు. నేను ఆయన వెనక నిలబడి వీపు మీద అరచెయ్యి పెట్టి కిందికి నొక్కాను. బండి లాగడం లేదు అనడానికి మా ఇద్దరి మధ్య అది గుర్తు.

"లాగించేద్దాం బాబూ," అన్నాడు మా ఆయన, అంతా విన్నవాడిలా.

మా షెడ్డు పలాస దాటాక టెక్కలి వెళ్లే దారిలో హైవే పక్కన ఉంది. వెనకే ఇల్లు. మాకు పిల్లలు లేరు. మా ఆయన నాకు మేనమామ. పెళ్లికి ముందు నుంచీ ఆయన పని బోటు ఇంజిన్లు. బారువ నుంచి డొంకూరు దాకా ఏ ఒడ్డున ఇంజిన్ మొరాయించినా పానాల సంచి తగిలించుకుని సైకిల్ మీద పోయేవాడు. తరువాత లారీలు పట్టాడు. అన్నీ డీజిలువే. స్క్రూడ్రైవర్ మొన ఇంజిన్‌కు ఆనించి, పిడి చెవికి ఆనించుకుని, లోపల ఏది కొట్టుకుంటోందో చెప్పేవాడు. ఆ ఇంజిన్లే ఆయన చెవులు తినేశాయి. ముందు కుడిది, తరువాత ఎడమది. చెవి మిషను పెట్టించాం. ఇంజిన్ దగ్గర అది కీచుమని గోల పెడుతోందని తీసి గూట్లో పడేశాడు.

వినపడటం లేదన్న సంగతి బయటికి తెలియకూడదని ఆయన పట్టుదల. అందుకని నేను జీడిపప్పు కర్మాగారంలో పని తగ్గించుకుని షెడ్డులో కూచోవడం మొదలుపెట్టాను. ఇంజిన్ తిరుగుతున్నప్పుడు ఆయన వీపు మీద నా వేళ్లతో తాళంలా దాని దెబ్బ వేసేదాన్ని. సమంగా తిరిగితే సమంగా. ఎక్కడైనా తప్పితే వేళ్లు ఆపేదాన్ని. ఇందులో నా గొప్ప ఏమీ లేదు. ఆ షెడ్డు వెనక ఇన్నేళ్లు కాపురం చేసిన ఎవరికైనా ఆ మాత్రం తెలుస్తుంది.

అప్పటికి నాకు అక్షరాలు రావు. గుర్తులతో అన్నం అని చెప్పొచ్చు, మందు అని చెప్పొచ్చు, లారీ వచ్చిందని చెప్పొచ్చు. పక్కింటి గేదె ఈనింది, దూడ బతకలేదు, పొద్దుటి నుంచీ నాకు మనసు మనసులో లేదు అని చెప్పడానికి గుర్తులు లేవు. ఆయన ఏడో తరగతి దాకా చదువుకున్నాడు. నేను రాస్తే ఆయన చదువుతాడు కదా అనిపించింది. మా వీధి అంగన్‌వాడీలో పిల్లలు ఇళ్లకు వెళ్లాక టీచరమ్మ దగ్గర కూచుని దిద్దడం మొదలుపెట్టాను.

కర్మాగారంలో నా పక్కన జీడిపప్పు పొర తీసే ఆడవాళ్లకు నవ్వుకోవడానికి ఇది చాలా కాలం సరిపోయింది.

"ఏటే, ఈ వయసులో టెన్తు రాత్తావేటే?"

"టెన్తు కాదే, మొగుడికి ప్రేమలేఖ రాత్తాదట!"

"నవ్వండి," అన్నాను. "మీ మొగుళ్లకి సెవులున్నాయి గాబట్టి మీకు నోటితో తిట్టడం కుదురుతంది. నాకు తిట్టాలంటే రాయాల."

రాయడం వచ్చింది గానీ అనుకున్నట్టు కాలేదు. సుద్దముక్కతో షెడ్డు గచ్చు మీద రాసేదాన్ని. నా చెయ్యి నెమ్మది. ఒక మాట పూర్తయ్యేలోగా ఆయన వేరే పానా కోసం లేచిపోయేవాడు. తిరిగి వచ్చి "సరే సరే" అంటూ ఆ రాత మీదే నిలబడేవాడు. నేను చెప్పదలచుకున్నది ఇంకా గచ్చు మీదికి వచ్చి ఉండేది కాదు.

ఇంతలో షెడ్డుకు బండ్లు తగ్గాయి. హైవేకు అవతల కొత్త షెడ్డు పడింది. మా దగ్గరికి ఏళ్ల తరబడి వచ్చిన లారీ డ్రైవరు ఒకడు టీ దుకాణం దగ్గర నిలబడి, "మేస్త్రికి సెవుడు వచ్చీసింది. ఇంజిన్ మాట ఇనలేనోడికి బండెలగిత్తాం?" అన్నాడు. మా ఆయన వినలేదు, కానీ అతను ఎటు చూసి అన్నాడో చూశాడు. ఆ ఎర్ర కారు వచ్చిన సాయంత్రం అన్నం ముందు కూచుని అన్నాడు:

"ఈ కారు నా సేతిలో బాగుపడకపోతే షట్టర్ దించీసి ఇంటికాడ కూకుంటానే. ఇంక సాలు."

ఆయన ఇంట్లో కూచోవడమంటే ఏమిటో నాకు తెలుసు. వానలకు షెడ్డు మూసిన రోజుల్లో చూశాను. ఆయన ఒక గోడకు, నేను ఒక గోడకు ఆనుకుని ఉంటాం. షెడ్డులో ఉన్నంతసేపైనా నా చెయ్యి ఆయన వీపు మీద ఉంటుంది, ఆ చెయ్యి ఏం చెబుతుందా అని ఆయన చూస్తూ ఉంటాడు. షట్టర్ దిగితే ఆ కాస్తా పోతుంది. అందుకని ఆ కారు బాగుపడాలని ఆయన కన్నా నేనే ఎక్కువ కోరుకున్నాను.

బానెట్టు ఎత్తగానే ఆయన ముఖం వెలిగింది. అందులో కార్బొరేటర్ లేదు. డీజిలు ఇంజిన్లలో లాగే పెట్రోలును నాజిళ్లతో లోపలికి చిమ్మే ఏర్పాటు కంపెనీలోనే పెట్టారు.

"నాజిల్సే! ఇది మనకి తెలవందేటి?" అన్నాడు.

డీజిలు ఇంజిన్‌లో పంపు మీద కంపెనీవాళ్లు సీలు వేసిన స్క్రూ ఒకటి ఉంటుంది. సీలు తెంపి కాస్త తిప్పితే డీజిలు ఎక్కువ పడుతుంది, బండి ఎక్కువ లాగుతుంది. వెనక నల్ల పొగ కొడుతుంది. మా వైపు లారీవాళ్లకూ బోటువాళ్లకూ ఆ పొగంటే మోజు. పొగ కనపడకపోతే పని సరిగ్గా చెయ్యలేదని మేస్త్రీతో దెబ్బలాడతారు. మా ఆయన వయసంతా ఆ స్క్రూ తిప్పడంలోనే గడిచింది.

ఈ కారుకు అలాంటి స్క్రూ లేదు. పెట్రోలు గొట్టం చివర ఒత్తిడిని అదుపులో పెట్టే చిన్న రేకు డబ్బా ఉంది. దాన్ని వైస్ దవడల మధ్య బిగించి నొక్కాడు. నొక్కితే ఒత్తిడి పెరిగి పెట్రోలు ఎక్కువ చిమ్ముతుంది. గాలి లోపలికి వెళ్లే దారిలో ఒక నల్ల పెట్టె, దాని లోపల తలుపులాంటి రెక్క ఉన్నాయి. ఆ రెక్క ఎంత తెరుచుకుంటే అంత గాలి వస్తోందని కారు అనుకుని అంత పెట్రోలు వదులుతుంది. రెక్కను పట్టి ఉంచే స్ప్రింగుకు ఒక పళ్ల చక్రం ఉంది. ఆయన మూత ఊడదీసి ఆ చక్రాన్ని కొన్ని పళ్లు వెనక్కి తిప్పి స్ప్రింగు వదులు చేశాడు. గాలి పెరగలేదు, రెక్క మాత్రం ఎక్కువ తెరుచుకుంది. ఇదంతా నాకు తరువాత అర్థమైంది. అప్పుడు చూసిందల్లా ఆయన చేతుల్లో ఎన్నాళ్లకో వచ్చిన హుషారు.

స్టార్టు చేసి ఎక్సలేటర్ తొక్కగానే వెనక నుంచి నల్లటి పొగ బుస్సుమని వచ్చింది. టీ దుకాణం దగ్గరున్న డ్రైవర్లు చేతులూపుతూ ఈలలు వేశారు.

"మేస్త్రీ, దుమ్ము లేపీసినావు! లారీ లాగ ఊదుతంది!"

ఆయన వాళ్ల చేతులు చూసి నవ్వాడు. నా వేళ్లు మాత్రం ఆయన వీపు మీద ఆగిపోయాయి. దెబ్బ తప్పుతోంది. తొక్కినప్పుడల్లా ఇంజిన్ ముందుకు ఉరికి, అంతలోనే ఎవరో గొంతు పట్టుకున్నట్టు ఆగి, మళ్లీ తేరుకుంటోంది. వేళ్లు ఆపి చూశాను, గిచ్చి చూశాను. ఆయన పొగనే చూస్తున్నాడు. గచ్చు మీద "ఈ పొగ మంచిది కాదు" అని రాశాను. ఈసారి చదివాడు.

"నీకేటి తెల్సే? నల్లగా ఊదతందంటే దాని కడుపు నిండినట్టు," అని చెప్పులతో ఆ రాత మీద నుంచే నడిచి వెళ్లాడు.

మర్నాడు పొద్దున్నే కారును పరీక్షించడానికి వజ్రపుకొత్తూరు రోడ్డు మీదుగా ఒడ్డు వైపు తీసుకెళ్లాడు. నన్ను పక్కన కూచోబెట్టుకున్నాడు. మోకాళ్లు గడ్డానికి తగిలేంత కిందికి ఉంది సీటు. జీడితోటల మధ్య ఆ ఎర్ర కారును చూసి పిక్కలు ఏరుకునే ఆడవాళ్లు నడుములు పట్టుకుని నిలబడిపోయారు.

"ఎనక్కి సూడు, ఎనక్కి సూడు! పొగ సూసినావా!" అని అరుస్తున్నాడు ఆయన.

నేను ముందుకే చూస్తూ కూచున్నాను. లోపలంతా పెట్రోలు వాసన. సైకిల్ మీద పాలబిందె కట్టుకుని వెళ్తున్న ఒక ముసలాయన మమ్మల్ని దాటడానికి గంట కొట్టాడు. "మావా, ఇది సచ్చిపోతంది మావా," అన్నాను పైకే. ఆ కారులో ఆ మాట విన్నది నేనొక్కదాన్నే.

ఒడ్డుకు చేరాక అది నిజంగానే చచ్చింది. తాళం తిప్పితే గురగురమని తిరుగుతోంది గానీ అందుకోవడం లేదు. వలలు బాగుచేసుకుంటున్న జాలర్లు లేచి వచ్చారు. చాలామంది ఆయన చేత బోట్లు బాగుచేయించుకున్నవాళ్లే.

"మావా! ఎన్నాళ్లకెన్నాళ్లకి! ఇదేటి మావా, దీనికి సుక్కాని ఏదీ?"

"నీళ్లలోకి దించీ మావా. దీన్ని సూసి సేపలు భయపడి ఒడ్డుకి ఎగిరొచ్చేత్తాయి."

"ఒరే, మావ ఏటీ సెప్పడేటి? గొట్టంలోకి గాలి లాగినట్టుందేటి, పంపు కొట్టి సూడు మావా."

అందరూ నవ్వారు గనక మా ఆయన కూడా నవ్వాడు. ఆ నవ్వు చూశాక నాకు ఇంక ఆగబుద్ధి కాలేదు. ఆయన చొక్కా చెయ్యి పట్టుకుని తడి ఇసుక దగ్గరికి లాక్కుపోయి, కొబ్బరిమట్ట ముక్కతో పెద్దపెద్ద అక్షరాలు రాశాను.

"అన్నం పొరబోయినట్టు దగ్గుతంది."

ఆయన చదివాడు. నా ముఖం చూశాడు. "ఎవులికి? నీకా?"

"కారుకి," అని కింద రాశాను.

వెనక నుంచి ఎవరో, "ఒరే, అత్త బడి పెట్టిందిరో!" అన్నారు. నేను తిరిగి చూడలేదు.

"ఎప్పుడు దగ్గుతంది?" అన్నాడు ఆయన. "తొక్కినప్పుడా, ఒదిలినప్పుడా?"

అడిగి, అక్కడే నిలబడ్డాడు. నా చెయ్యి ఎంత నెమ్మదిగా కదిలితే అంతసేపూ నిలబడ్డాడు. పానా కోసం వెళ్లడానికి అక్కడ ఏమీ లేదు.

"తొక్కినప్పుడు. ఎంత తొక్కితే అంత."

"బోటింజిను ఎప్పుడైనా అలగ దగ్గిందేటి?"

"లేదు. అది పొగ ఊదినా గొంతు తెరిసే ఉంటాది. దీనికి గొంతు మూసుకుపోతంది. ఊపిరి ఆడ్డం లేదు."

ఒక అల వచ్చి సగం రాత తుడిచేసింది. మిగిలిన ఊపిరి అన్న మాట దగ్గర ఆయన గొంతుక్కూచున్నాడు.

"గాలి," అన్నాడు చివరికి. "డీజిలింజిను ఎప్పుడూ గాలి నిండా పీల్సుకుంటాది. తిండి మనం ఎంత పెడితే అంత తింటాది. దీనికి తిండీ గాలీ రెండూ కొలిసి పెట్టినాడు కంపెనీవోడు. నాను తిండొక్కటే కుక్కీసినాను."

నేను తల ఊపాను. ఇంజిన్ చల్లారే దాకా చేసే పనేమీ లేదు. ఇసుక చాలా ఉంది. నేను వెనక్కి నడుస్తూ రాస్తుంటే ఆయన ఒక్కో మాటా చదువుకుంటూ నా వెంట వచ్చాడు. గేదె దూడ సంగతి రాశాను.

"ఎప్పుడూ?"

"వానలప్పుడు."

"నాకు సెప్పలేదేటే?"

ఇంకో అడుగు వెనక్కి వేశాను. టీచరమ్మ నన్ను ఏ అక్షరం దగ్గర తిట్టిందో రాశాను. కర్మాగారంలో నన్ను ఏమని ఏడిపిస్తారో రాశాను. ప్రేమలేఖ అన్న మాట దగ్గర ఆయన ఎంత గట్టిగా నవ్వాడంటే జాలర్లు తలలెత్తి చూశారు. ఆ ఒడ్డున ఎంతసేపు మాట్లాడుకున్నామో తెలియదు. పెళ్లయిన కొత్తలో కూడా అంత మాట్లాడుకున్న గుర్తు లేదు.

ఇంజిన్ చల్లారాక ప్లగ్గులు విప్పాడు. పొయ్యి మసిలా ఉన్నాయి. తుడిచి బిగించి, నెమ్మదిగా తొక్కుతూ ఇల్లు చేరాం.

తరువాత పని అంతా తిరగేసి చేశాం. నొక్కిన రేకు డబ్బా మళ్లీ ఉబ్బదు గనక కొబ్బరికాయల వ్యాపారి విశాఖపట్నం పాత సామాన్ల దుకాణంలో ఇంకొకటి వెతికి తెచ్చాడు. స్ప్రింగు చక్రం మొదట ఎక్కడ ఉండేదో మా ఆయన గుర్తు పెట్టుకోలేదు. డీజిలు పంపు స్క్రూకు ఎప్పుడూ గుర్తు పెట్టేవాడు కాదు, చెవితో పట్టేసేవాడు. ఇప్పుడు ఒక్కో పన్ను తిప్పి నా వైపు చూసేవాడు. నేను విని, వేళ్లతో ఆయన వీపు మీద చెప్పేదాన్ని. వేళ్లకు అందనిది గచ్చు మీద రాసేదాన్ని. ఇప్పుడు చదివాక గానీ కదిలేవాడు కాదు.

దగ్గు పోయాక గాలి సంగతి పట్టాడు. గాలి పీల్చే మూతి సన్నగా ఉంటే రేకు వంచి వెడల్పు చేసి, ఇంజిన్ వేడి తగలకుండా ముందుకు తిప్పాడు. తుప్పు పట్టి లోపల పూడుకుపోయిన సైలెన్సర్ ఊడదీసి, టెక్కలిలో వెల్డింగు దుకాణం దగ్గర కూచుని కొంచెం లావు గొట్టం వంపించి తెచ్చాడు. అప్పుడు గానీ స్ప్రింగు మళ్లీ ఒక పన్ను వదులు చెయ్యలేదు. ఈసారి వచ్చే గాలికి తగ్గ పెట్రోలు. ఇంజిన్ గొంతు విప్పుకుని ఒకే ఊపున పైకి లేచింది. నా వేళ్లు ఆ వేగాన్ని అందుకోలేక వీపు మీద అరచెయ్యి ఆనించి ఉంచేశాను.

ప్లగ్గు విప్పి చూపించాడు. మసి లేదు. గోధుమ రంగులో పొడిగా ఉంది.

"జీడిపప్పు పొర రంగు," అని రాశాను.

"అదే. ఈ రంగుంటే సరిగ్గా తిన్నట్టు," అన్నాడు. అప్పటి నుంచి ప్రతిసారీ ప్లగ్గు విప్పి రంగు చూసేవాడు. ఆ రంగు చూడటం ఆయనకు త్వరగా పట్టుబడింది. కళ్లు ఎప్పుడూ మంచివే.

కారు అప్పగించే ముందు వ్యాపారి ఒక మీటరు తెచ్చాడు. సైలెన్సర్ గొట్టంలో ఒక తీగ బిగిస్తే చాలు, పెట్రోలు ఎక్కువైతే ముల్లు ఒక వైపు, తక్కువైతే ఇంకో వైపు వాలుతుంది. మా ఆయన దాన్ని చూస్తూ చాలాసేపు తొక్కుతూ వదులుతూ కూచున్నాడు. నా చెయ్యి వీపు మీదే ఉంది. ఒకచోట చిన్నగా దెబ్బ తప్పింది. నేను వేళ్లు ఆపేలోగా ఆయన ఎక్సలేటర్ వదిలి బానెట్టు వైపు వెళ్తున్నాడు.

వాళ్లిద్దరూ కారులో హరిశ్చంద్రపురం దాకా వెళ్లి వచ్చారు. అందులో రెండే సీట్లు. నేను షెడ్డులోనే ఉన్నాను. తిరిగి వచ్చి ఆ వ్యాపారి కారు ఆపకుండానే అరిచాడు: "ఎగిరిపోతంది మేస్త్రీ! మా ఊరోళ్ల బండ్లన్నీ నీ దగ్గరికే తోలుతాను!" వెళ్తూ ఆ మీటరు మా ఆయన చేతిలోనే పెట్టి వెళ్లాడు.

అన్న మాట నిలబెట్టుకున్నాడు. పెట్రోలు కార్లు రావడం మొదలైంది. షట్టర్ దించే మాట మళ్లీ ఆయన నోట రాలేదు. ఒకరోజు మధ్యాహ్నం కేరియరు విప్పుకుంటూ అన్నాడు:

"నువ్వింక ఈ ఎండలో ఇక్కడ కూకోనక్కర్లేదే. ముల్లు సూసుకుంటాను. ఇన్నాళ్లూ కట్టపడినావు. ఇంటికాడ సుబ్బరంగా పడుకో."

ప్రేమగానే అన్నాడు. ఆ పూట నా కంచంలో చేపముక్క కూడా వేశాడు. అడ్డు చెప్పడానికి సుద్దముక్క తీశాను. మళ్లీ పక్కన పెట్టేశాను. ఆయనకు మంచి జరిగింది, అది వద్దని ఎలా రాస్తాను?

కర్మాగారంలో మళ్లీ పూర్తిగా చేరాను. అక్కడ మాటలకు కొదవ లేదు. సాయంత్రం ఆయన ఇంటికి వచ్చి, ముల్లు ఎక్కడ నిలబడిందో వేలితో గాలిలో గీసి చూపిస్తాడు. నేను తల ఊపుతాను. పలక మీద ఏదైనా రాసి ఇస్తే చదువుతాడు. చదివి "అలగేటి," అని పలక పక్కన పెట్టి, అలసిపోయి పడుకుంటాడు.

మొన్న సెలవు రోజున పొయ్యి దగ్గర ఉండగా షెడ్డులోంచి ఒక ఇంజిన్ చప్పుడు వచ్చింది. కొత్తగా వచ్చిన కారు అయి ఉంటుంది. పైకి లేస్తూ ఒకచోట తప్పింది. మళ్లీ లేచింది, మళ్లీ అక్కడే తప్పింది. నేను చెయ్యి కడుక్కుని, కొంగుకు తుడుచుకుంటూ వెనక తలుపు దాకా వెళ్లాను. గడియ తీసేలోగా చప్పుడు ఆగింది. పానా గచ్చు మీద పడిన మోత వినపడింది. కాసేపటికి ఇంజిన్ మళ్లీ అందుకుంది. ఈసారి ఎక్కడా తప్పకుండా పైదాకా వెళ్లింది.

ఆయన సరిచేసేసుకున్నాడు. కూర అడుగంటుతున్న వాసన వచ్చింది. లోపలికి వచ్చి మంట తగ్గించాను.